కబురు గట్టు దాకా చేరాలంటే: అర్జెంటు విషయాలకు మెసేజీనీ మెయిలునీ కలిపి వాడే పద్ధతి

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర చిన్న ఆక్వా ల్యాబు. రొయ్యల గుంటల నీళ్ళు, సీడు (గుంటలో వదిలే రొయ్య పిల్లలు), మట్టి పరీక్ష చేస్తాం. మైపాడు, గంగపట్నం వైపు నుంచీ, పక్కన విడవలూరు, తోటపల్లిగూడూరు మండలాల నుంచీ శాంపిళ్ళు వస్తాయి. వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ మిషను దగ్గర వేరే వాళ్ళుంటారు. ఫలితం తేలాక దాన్ని రైతుకు అందేదాకా చూసే పని నాది. ఈ పనిలో నేను నేర్చుకున్నది చెబుతున్నాను. మీది హాస్పిటల్ ల్యాబయినా, కోల్డ్ స్టోరేజీ అయినా, గ్యాస్ ఏజెన్సీ అయినా, కస్టమరుకు గంటలో తెలియాల్సిన సంగతి ఒకటి ఉందంటే ఇది పనికొస్తుంది.

ఏడేళ్ళ కిందటి మాట. సాయంత్రం ఆరు దాటాక ఒక గుంటకు తెల్లమచ్చ వైరస్ పాజిటివ్ అని తేలింది. ఓనరు హైదరాబాదులో ఉంటాడు, ఆయన ఇచ్చింది మెయిల్ ఐడీ. రిపోర్టు అటాచ్ చేసి, ఎప్పటిలాగే 'మీ శాంపిల్ రిపోర్టు' అని సబ్జెక్టు పెట్టి పంపించి ఇంటికి వెళ్ళిపోయాను. ఆయన దాన్ని తెరిచింది మర్నాడు తొమ్మిదింటికి. ఈలోగా రాత్రి గట్టు మీద కాపలా ఉన్న మనిషికి రొయ్యలు అంచుకొచ్చి ఈదుతుండడం కనపడింది. నీళ్ళు చెడిపోయాయేమో అనుకుని తూము ఎత్తి సగం నీళ్ళు కాలువలోకి వదిలేశాడు. తెల్లవారుజామున పోటు నీళ్ళు ఎక్కగానే కింద ఇద్దరు రైతులు మోటార్లేసి అవే నీళ్ళు తోడుకున్నారు. తెల్లమచ్చ పట్టిన గుంట మూడు నుంచి పది రోజుల్లో దాదాపుగా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఇద్దరి గుంటలూ పోయాయి.

నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. 'రాత్రే పంపించానన్నా' అన్నాను. అందులో పెద్దాయన కోపంగా కూడా లేడు. 'నువ్వు పంపినావు తల్లీ, మాకు రాలేదే' అన్నాడు. ఈ పద్ధతంతా ఆ మాట దగ్గర మొదలైంది. పంపడం వేరు, కబురు అందడం వేరు. మన లెక్కలో పని అయిపోయేది పంపినప్పుడు కాదు, అవతల మనిషి విన్నాననీ, చేస్తున్నాననీ చెప్పినప్పుడు.

ఏ కబురుకు లేపాలి

మొదట కూర్చుని, రాత్రి రెండింటికి మనిషిని నిద్రలేపదగ్గ సంగతులు ఏవో రాసుకోండి. మా జాబితా నాలుగే: తెల్లమచ్చ పాజిటివ్; నీళ్ళలో ఆక్సిజన్, అమ్మోనియా ప్రమాదస్థాయిలో ఉండడం; కాలువ నీళ్ళు తోడొద్దన్న హెచ్చరిక; మేమిచ్చిన రిపోర్టులో తప్పు దొర్లితే దాని సవరణ. ఈహెచ్‌పీ కూడా నష్టం చేసేదే, కానీ అది మెల్లగా ఎదుగుదల ఆపే జబ్బు. రైతు తెల్లారాక చూసుకున్నా కొంప మునగదు. అది మామూలు మెయిల్లో పోతుంది.

జాబితా పొడుగైతే ఏమవుతుందో మేం చూశాం. ఒక సీజనులో మా వాళ్ళు హెచ్చరికలు పోయే నంబరు మీదే దీపావళి శుభాకాంక్షలు, కొత్త టెస్టు రేట్లు, మందుల ఆఫర్లు కూడా పంపారు. ఆ తర్వాత నిజమైన హెచ్చరిక పోతే ఒక రైతు, 'ఏదో ఆఫరేమో అనుకున్నాక్కా, ఎత్తి చూళ్ళేదు' అన్నాడు. అందుకే అర్జెంటు కబురు పోయే నంబరు మీద ఇంకేదీ పోకూడదు, బిల్లు బాకీ కూడా. ఈ ఒక్క నియమం దగ్గర నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది అడుగుతారు. వాట్సాప్ మేమూ వాడతాం, ఫొటోలు పంపుకోడానికి. కానీ సముద్రం వైపు గుంటల దగ్గర చాలాచోట్ల డేటా సరిగా రాదు, కాపలా మనిషి చేతిలో ఉండేది తరచుగా కీప్యాడ్ ఫోను. స్మార్ట్ ఫోనున్న వాళ్ళు గ్రూపుల గోల పడలేక శబ్దం ఆపేసి పెడతారు. మామూలు మెసేజీకి, అంటే ఎస్సెమ్మెస్‌కు, నెట్టు అక్కర్లేదు, ఒక గీత సిగ్నలున్నా దూరుతుంది. అయితే దానిలో రెండు ముక్కలే పడతాయి, రిపోర్టు పట్టదు. మెయిల్లో రిపోర్టు, పాత ఫలితాలు, ఏ మందు ఎంత కొట్టాలన్న లెక్క అన్నీ పడతాయి, ఆర్నెల్ల తర్వాత వెతికినా దొరుకుతాయి. కానీ అది ఎవర్నీ నిద్రలేపదు. కాబట్టి ఇద్దరికీ పని పంచాలి: మెసేజీ లేపి ఏం చెయ్యాలో చెబుతుంది, ఎందుకు చెయ్యాలో మెయిలు చూపిస్తుంది. ఒకే సంగతిని రెండు చోట్లా అచ్చు గుద్దినట్టు పంపితే రెండూ సగం సగమే పనిచేస్తాయి.

ఒక గుంటకు ముగ్గురు మనుషులు

మా పుస్తకంలో ప్రతి కస్టమరుకు మూడు గళ్ళుంటాయి. గట్టు మీద ఉండే మనిషి, డబ్బు పెట్టే మనిషి, సలహా చెప్పే టెక్నీషియను. తూము మూసేది మొదటివాడు. పట్టుబడి చేసేద్దామా (రొయ్యలు పట్టి అమ్మేద్దామా), ఉంచుదామా అని తేల్చేది రెండోవాడు. రిపోర్టు చదివి అర్థం చెప్పేది మూడోవాడు. మెసేజీ ముగ్గురికీ పోవాలి, మెయిలు రెండోవాడికీ మూడోవాడికీ. మొదటివాడికి మెయిల్ ఐడీ లేదని వదిలెయ్యకండి, నిజానికి అందరికంటే ముందు తెలియాల్సింది అతనికే.

శాంపిల్ తెచ్చిన రోజే ఇవన్నీ రాయించుకోవాలి. ఫలితం వచ్చాక నంబరు వెతకడం మొదలుపెడితే అయ్యేపని కాదు. ఫారంలో ఇంకో రెండు ప్రశ్నలు కలిపాం: ఫోనులో తెలుగు అక్షరాలు కనిపిస్తాయా, రాత్రిపూట ఫోను చెయ్యొచ్చా. తెలుగు రాని పాత ఫోనుల్లో మన మెసేజీ గళ్ళు గళ్ళుగా కనపడుతుంది. అలాంటి వాళ్ళకు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో పంపుతాం. అదే ఫారం మీద, ఈ నంబర్లకు హెచ్చరికలు పంపడానికి ఒప్పుకుంటున్నానని సంతకం ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, ఏ పనికని తీసుకున్న నంబరును ఆ పనికే వాడాలి. చట్టం సంగతి అటుంచినా, రైతు తన పనోడి నంబరు మన చేతిలో పెట్టాడంటే అది నమ్మకం.

కాపలా మనుషులు పంట పంటకీ మారిపోతారు, కొందరు సిమ్ములు కూడా మారుస్తారు. అందుకని ప్రతి పంటకూ సీడు వదిలిన వారంలో ఒక పరీక్ష మెసేజీ పంపి, అందితే మిస్డ్ కాల్ ఇవ్వమంటాం. అది రాని నంబర్లకు మేమే ఫోను చేసి సరిచేసుకుంటాం. విసుగు పుట్టించే పనే, కానీ మిగిలిన పద్ధతంతా దీని మీదే నిలబడుతుంది.

డెబ్బై అక్షరాల్లో

ఇక మెసేజీ రాయడం. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మెసేజీలో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అది దాటితే మెసేజీ ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 చొప్పునే పడతాయి, మిగతా చోటు ముక్కల్ని అతికించే వివరానికి పోతుంది. ఎన్ని ముక్కలైతే అన్ని మెసేజీల డబ్బులు. పైగా ఈ 70 మనం బళ్ళో నేర్చుకున్న అక్షరాల లెక్క కాదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తుగా వచ్చే హల్లు ఒకటి, సున్న ఒకటి, ఇలా విడివిడిగా లెక్క. 'రొయ్య' మనకు రెండక్షరాలు, ఫోనుకు 5. 'తోటపల్లిగూడూరు' అని ఊరిపేరు రాస్తే దానికే 14 పోతాయి. పొల్లు సరిగ్గా కనపడడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి మధ్యలో పెడతాయి, అదీ లెక్కకొస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసే వాళ్ళకూ ఒక గుంత ఉంది. మొత్తం ఇంగ్లీషులో రాసి ఒక్క తెలుగు అక్షరం చేర్చినా, రూపాయి గుర్తు పెట్టినా, వర్డ్ ఫైల్లోంచి వంకర కొటేషన్ గుర్తులు కాపీ అయి వచ్చినా, మెసేజీ అంతా 70 లెక్కలోకి పడిపోతుంది. ఒక నెల మా బిల్లు ఎక్కువొస్తే వెతికి వెతికి ఒక్క రూపాయి గుర్తు దగ్గర తేలాం.

మేం చాలాసార్లు దిద్ది తేల్చుకున్న మెసేజీ ఇది:

'గుంట 4: తెల్లమచ్చ పాజిటివ్. తూము తెరవొద్దు. వెంటనే ఫోన్ చేయండి.'

ఇది 63. గుంట నంబరు ముందు, జబ్బు పేరు తర్వాత, చెయ్యకూడని పని ఆ తర్వాత, చెయ్యాల్సింది చివర. కీప్యాడ్ ఫోను మొదటి వరసలో కనపడేది కొద్ది మాటలే కాబట్టి 'గౌరవనీయులైన రైతు సోదరులకు' అని మొదలుపెడితే ఆ వరస మర్యాదకే అయిపోతుంది. మర్యాద ఫోనులో మాట్లాడేటప్పుడు చూపిద్దాం. దీనికి శాంపిల్ నంబరు, తేదీ, టైము, ల్యాబు పేరు, మా నంబరు చేరేసరికి రెండు ముక్కలవుతుంది. అంటే 134 దాకా చోటుంది. ఆ ఖర్చు పెట్టదగ్గదే. తేదీ, టైము తప్పనిసరిగా ఉండాలి. ఎందుకంటే ఫోను ఆపేసి ఉంటే మెసేజీ దారిలో ఆగి, ఆన్ చేశాక ఎప్పుడో వస్తుంది. నిన్నటి హెచ్చరికను ఇవాళ్టిదనుకుని పరిగెత్తిన వాళ్ళున్నారు. మెసేజీలు పంపే కంపెనీ వాళ్ళ ప్యానెల్లో అది ఎంతసేపు బతికి ఉండాలో పెట్టుకునే వీలుంటే కొన్ని గంటలకు కుదించండి.

మెసేజీలో లింకు పెట్టకండి. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు చేయించని లింకులున్న మెసేజీలను ఆపరేటర్లు ఆపేస్తున్నారు, అదొక కారణం. అసలు కారణం వేరే. లింకు నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని మనమే వాళ్ళకు పదేపదే చెబుతున్నాం. మళ్ళీ మనమే లింకు పంపి నొక్కమంటే ఎలా?

రిజిస్ట్రేషన్ సంగతి

మన సొంత సిమ్ములోంచి వందమందికి ఒకేసారి పంపితే ఆ నంబరు బ్లాకయ్యే ప్రమాదముంది. వ్యాపార మెసేజీలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నియమాల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు కావాలి. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ అందరికీ ఆ పోర్టళ్ళున్నాయి, ఒక దాంట్లో చేసుకుంటే చాలు. పాన్, వ్యాపారం రుజువులు, సంతకం పెట్టే మనిషి అధికార పత్రం అడుగుతారు. తర్వాత ఆరు అక్షరాల పేరు తీసుకోవాలి, కస్టమరు ఫోనులో నంబరు బదులు అదే కనపడుతుంది. ఆ తర్వాత ఏ మెసేజీ పంపబోతున్నామో దాని నమూనా, వాళ్ళ భాషలో టెంప్లేటు, ముందే రాసి ఒప్పించుకోవాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. టెంప్లేటును ప్రమోషనల్ కింద పెట్టకండి. ఆ కోవలో మెసేజీలు రాత్రి 9 దాటాక పోవు, ఆఫర్ల మెసేజీలు వద్దని డీఎన్‌డీ పెట్టుకున్న వాళ్ళకు అసలే పోవు. కస్టమరు మన సేవ తీసుకున్నందువల్ల వెళ్ళే కబురు 'సర్వీస్ ఇంప్లిసిట్' కిందికి వస్తుంది, అది ఏ టైములోనైనా పోతుంది. రెండోది, టెంప్లేటులో మారే మాటల కోసం వదిలే ఒక్కో ఖాళీలో ఇన్ని అక్షరాలే పట్టాలని పరిమితి ఉంటుంది. మేం మొదట 'గుంట వివరం' అని ఒకే ఖాళీ వదిలి, రైతు పేరు, ఊరు, గుంట నంబరు అన్నీ దాంట్లో కుక్కాం. తెలుగు లెక్కలో అది పరిమితి దాటి మెసేజీలు పోవడం మానేశాయి. ఇప్పుడు గుంట నంబరుకొక ఖాళీ, శాంపిల్ నంబరుకొక ఖాళీ.

అన్ని టెంప్లేట్లూ ముందే ఒప్పించుకోండి. తుపాను వస్తున్న రోజు కొత్త టెంప్లేటు పంపితే అది ఎప్పుడు ఓకే అవుతుందో మన చేతుల్లో ఉండదు.

మెయిలు చెయ్యాల్సిన పని

సబ్జెక్టులోనే సంగతంతా ఉండాలి: 'అర్జెంటు – గుంట 4 – తెల్లమచ్చ పాజిటివ్ – శాంపిల్ 1147'. అదే శాంపిల్ నంబరు మెసేజీలోనూ ఉంటుంది. గట్టు మీద మనిషి 'అయ్యా, 1147 అంట' అని ఓనరుకు చెబితే, ఓనరు ఫోనులో 1147 అని వెతికితే మెయిలు పైకొస్తుంది. రెండు కబుర్లనూ కట్టే ముడి ఆ నంబరే, మీ వ్యాపారంలో అది బిల్లు నంబరు కావచ్చు, బుకింగ్ నంబరు కావచ్చు.

మెయిలు మొదటి వరసలో మెసేజీ మాటల్నే మళ్ళీ రాస్తాం. కింద ఇప్పుడు ఏం చెయ్యాలి: నీళ్ళు బయటికి వదలొద్దు, వలలు, బకెట్లు, మనుషులు పక్క గుంటలోకి వెళ్ళొద్దు, కాకులు వాలకుండా చూసుకోవాలి, పట్టుబడి చేసేటట్టయితే ఖాళీ చేసే నీళ్ళను బ్లీచింగుతో శుద్ధి చేశాకే వదలాలి. ఆ తర్వాత ఫలితం, శాంపిల్ తీసుకున్న టైము, పరీక్ష చేసిన టైము. రిపోర్టు ఫైలు అన్నిటికన్నా చివర, చిన్నదిగా. జీమెయిల్ 25 ఎంబీ దాకా తీసుకున్నా, గుంట దగ్గర నెట్టుతో ఒక్క ఎంబీ తెరుచుకోవడమే కష్టం. ముఖ్యమైన మాట అటాచ్‌మెంటులో మాత్రమే ఉంటే అది లేనట్టే లెక్క, అందుకే మెయిలు ఒంట్లోనే రాయాలి.

కాలువ హెచ్చరిక చాలామందికి పోయేటప్పుడు అందరి ఐడీలూ ఒకరికొకరికి కనపడేట్టు పెట్టొద్దు. ఎవరి గుంటలో జబ్బొచ్చిందో కూడా రాయొద్దు. 'ఫలానా కాలువ మీద తెల్లమచ్చ తేలింది, మేం మళ్ళీ చెప్పేదాకా నీళ్ళు తోడొద్దు' అంటే చాలు. ఊళ్ళో ఎలాగూ తెలిసిపోతుందని మా వాళ్ళు కొందరంటారు. తెలియనీండి, మన నోటి నుంచి తెలియకూడదు. పేరు బయటపడుతుందని భయమేస్తే రేపు రైతు శాంపిలే తీసుకురాడు, అప్పుడు కాలువ మొత్తానికీ చేటు.

మెయిలు స్పాములో పడకుండా కొంత పని ఉంది. మా ల్యాబులో ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా రోగకారకాలు లేని తల్లి రొయ్యలు. మెయిలు సెట్టింగులు చూసే అబ్బాయి ఫోను చేసి 'అక్కా, మీ డొమైనుకు ఎస్‌పీఎఫ్ లేదు' అంటే ఒక్క క్షణం అయోమయమైంది. అతను చెప్పేది, మా పేరుతో మెయిలు పంపడానికి ఏ సర్వర్లకు అనుమతుందో రాసిపెట్టే రికార్డు గురించి. దాంతోపాటు మెయిలు మనదేనని రుజువు చేసే సంతకం డీకిమ్, ఈ రెండూ కుదరకపోతే ఆ మెయిలును ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. మీ వెబ్‌సైటు చూసే వాళ్ళకు ఈ మూడు పేర్లూ చెప్పి చేయించుకోండి. హెచ్చరికలకు ఒక ఐడీ, బిల్లులకు, ఆఫర్లకు వేరే ఐడీ ఉండాలి. ఆ హెచ్చరికల ఐడీకి జవాబిస్తే మనిషి చూసే ఇన్‌బాక్సులోకి రావాలి. 'దీనికి జవాబివ్వకండి' అనే మెయిలు అర్జెంటు కబురుకు పనికిరాదు.

వరస, గడియారం

ఫలితం తేలగానే ఇద్దరం చూస్తాం. ట్యూబు మీద నంబరు, ఫారం మీద నంబరు, గుంట నంబరు గట్టిగా చదివి సరిచూసుకుంటాం. ఒక షీటులో ఆ వరస నింపితే మెసేజీ, మెయిలు రెండూ దానంతటవే తయారయ్యేట్టు కట్టించుకున్నాం. కానీ పంపే బటను మాత్రం మనిషే నొక్కాలి. వేరే గుంటకు పాజిటివ్ అని కబురు పోతే, ఆ రైతు రాత్రికి రాత్రి ఇంకా ఎదగని చిన్న రొయ్యను అయినకాడికి పట్టి అమ్మేసుకుంటాడు. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

మెసేజీ ముందు పోతుంది, మెయిలు ఐదు నిమిషాల్లోపు. తర్వాత గడియారం చూస్తాం. ఆ ఆరక్షరాల పేరుకు తిరిగి జవాబు ఇవ్వలేరు, ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మొదట్లో మా రైతులు 'సరే' అని టైపు చేసి పంపడానికి తంటాలు పడి వదిలేసేవాళ్ళు. అందుకే మిస్డ్ కాల్ పెట్టాం, ఖర్చు లేదు, చదువు రాకపోయినా ఇవ్వొచ్చు. గట్టు మనిషి దగ్గర్నుంచి 15 నిమిషాల్లో మిస్డ్ కాల్ రాకపోతే మేమే ఫోను చేస్తాం. ఎత్తకపోతే ఓనరుకు. ఆయనా ఎత్తకపోతే పక్క గుంట ఆయనకు ఫోను చేసి, 'అన్నా, కొంచెం గట్టు మీదకెళ్ళి వాణ్ణి లేపి మాకు ఫోన్ చెయ్యమను' అంటాం, ఫలితం మాత్రం చెప్పం. ఈ వరసంతా కాగితం మీద రాసి గోడకు అంటించాం, నేను సెలవులో ఉన్నా ఆగకూడదని.

మెయిలు కూడా ఒక్కోసారి ముందు మేలుకుంటుంది. మా కస్టమరు ఒకాయన టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు, గుంటలు ఇక్కడ తమ్ముడు చూస్తాడు. ఒక రాత్రి ఒంటిగంటకు తమ్ముడి ఫోను చార్జింగు అయిపోయి ఉంది. అక్కడ మధ్యాహ్నం. అన్న ఆఫీసులో మెయిలు చూసి, ఇంట్లో అమ్మకు ఫోను చేసి తమ్ముణ్ణి లేపించాడు. మా మెసేజీ ఆ తమ్ముడి ఫోనుకు చేరింది తెల్లవారాకే.

పొద్దున రాగానే చేసే మొదటి పని రాత్రి డెలివరీ రిపోర్టు చూడడం. 'సబ్మిటెడ్' అంటే ఆపరేటరు దగ్గరికి పోయిందని, 'డెలివర్డ్' అంటే ఫోనులోకి చేరిందని. చదివారని ఏదీ చెప్పదు. ఫెయిలైన ప్రతి నంబరుకూ అదే రోజు ఫోను చేసి కారణం రాసుకుంటాం. తిరిగొచ్చిన మెయిళ్ళకూ అంతే.

వాన పట్టినప్పుడు

2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం వెంబడి పాకి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో కరెంటుండదు, ల్యాబులో నెట్టుండదు, పంపాల్సిన కబుర్లు మాత్రం ఎక్కువవుతాయి. వాన నీళ్ళతో ఉప్పు శాతం పడిపోతుంది, మబ్బు పట్టి రాత్రి ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి.

వాతావరణ శాఖ హెచ్చరికను మనం తిరగరాయొద్దు, రంగు మార్చొద్దు, మన ఊహ కలపొద్దు. అది వాళ్ళ పని. మన మెసేజీ దాని మీద మన కస్టమరు చెయ్యాల్సిన పని మాత్రం చెప్పాలి: 'మేత తగ్గించండి, జనరేటరుకు డీజిలు పెట్టుకోండి.' ఇది తుపాను దూరంగా ఉన్నప్పుడే పోవాలి, సెల్ టవర్లు ఆగిపోయాక ఏదీ పోదు. రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్ములున్న ఫోను, దాంట్లో మెసేజీ ప్యానెల్ లాగిన్, పవర్ బ్యాంకు, అందరి నంబర్లూ అచ్చేసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో, ఇవి అక్టోబరు రాకముందే నా బల్ల సొరుగులో చేరతాయి.

అయిపోయిందని కూడా చెప్పాలి

హెచ్చరిక పంపే శ్రద్ధ అది తీరిపోయిందని చెప్పడంలో చాలామందికి ఉండదు. మాకూ ఉండేది కాదు. ఒకసారి కాలువ నీళ్ళు తోడొద్దని పంపాం, నీళ్ళు శుభ్రమని తేలాక ఆ మాట చెప్పడం మరిచాం. కొందరు మరో నాలుగు రోజులు ఆగి, గుంటల్లో నీళ్ళు తగ్గి, ఎండకు ఉప్పు పెరిగి ఇబ్బంది పడ్డారు. మిగిలినవాళ్ళు ఆగలేక తోడేసుకున్నారు. ఇలా ఒకసారి జరిగితే మళ్ళీసారి 'తోడొద్దు' అన్నప్పుడు ఎంతమంది ఆగుతారు?

ఇప్పుడు ప్రతి హెచ్చరికకూ షీటులో పక్కన ఒక గడి ఖాళీగా ఎర్రగా ఉంటుంది, ముగింపు కబురు పోయేదాకా. ఎవరెవరికి హెచ్చరిక పోయిందో సరిగ్గా వాళ్ళకే ఇదీ పోవాలి, మెసేజీగానూ మెయిలుగానూ, అదే నంబరుతో: '1147: కాలువ నీళ్ళు ఇవాళ పరీక్షలో శుభ్రం. తోడుకోవచ్చు.' మెయిల్లో ఆ పరీక్ష రిపోర్టు పెడతాం. దీనికి మిస్డ్ కాల్ అడగం. అయినా ఆ పెద్దాయన ఇస్తాడు, ఒక్క రింగు. నేను పుస్తకంలో ఆయన పేరు పక్కన టిక్కు పెట్టుకుంటాను.